జేజీక్యాంప్8: న్యూరాన్ల వేగాన్ని అందుకున్న సెన్సర్

ఎలుక మెదడు కణాలను సూక్ష్మదర్శినిలో చూసే నాకు జేజీక్యాంప్8 బాగా నచ్చింది. న్యూరాన్ (నాడీకణం)లో కాల్షియం పెరిగితే వెలిగే ప్రోటీన్ సెన్సర్ ఇది. వైరస్‌తో జన్యువును పంపితే కణమే సెన్సర్‌ను తయారు చేసుకుంటుంది. న్యూరాన్ స్పందించగానే లోపలికి చేరిన కాల్షియాన్ని సెన్సర్‌లోని కాల్మాడ్యులిన్ అనే ప్రోటీన్ భాగం పట్టుకుంటుంది, ఆకుపచ్చ ప్రోటీన్ ప్రకాశిస్తుంది.

2013 నాటి పాత సెన్సర్ జీక్యాంప్6ఎస్‌లో వెలుగు నెమ్మదిగా తగ్గేది. వెంటవెంటనే వచ్చే స్పందనలు కలిసిపోయేవి. 2023లో ప్రచురితమైన జేజీక్యాంప్8లో వేగవంతమైన రకం 8ఎఫ్ సగం వెలుగును సుమారు 2 మిల్లీసెకన్లలోనే అందుకుంటుంది. గ్రాఫులో విడివిడిగా నిలిచే ఆ శిఖరాలను చూస్తే ఎంత ఆనందమో!

అయితే ఇది కొలిచేది కాల్షియాన్నే, వోల్టేజీని కాదు. వైరస్ మోతాదు మించితే సెన్సర్ కేంద్రకంలోకీ చేరుతుంది, కణం దెబ్బతింటుంది. వైరస్‌ను పలుచన చేసే వాడండి. బలహీన సంకేతాలకైతే ఎక్కువ సున్నితమైన రకం 8ఎస్ తీసుకోండి.