బరంపురంలో ఎనిమిది స్పీకర్ల నడుమ

ఫిబ్రవరిలో మూడు రోజులు బరంపురం వెళ్ళొచ్చాను. వెళ్ళిన పని వినడం. అక్కడ ఒక యూనివర్సిటీలో పిల్లలు ఎలక్ట్రోఅకౌస్టిక్ సంగీతానికి రెండు రోజుల ఉత్సవం పెట్టారు. ఇందులో పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు ఎదురుగా ఉండరు. రికార్డు చేసిన చప్పుళ్ళనీ, కంప్యూటర్లో పుట్టించిన ధ్వనులనీ కలిపి కట్టిన సంగీతం చుట్టూ పెట్టిన స్పీకర్లలోంచి వస్తుంది. నేను విజయనగరంలో ముప్పయ్యేళ్ళుగా వయొలిన్ నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకుని ఇప్పుడు ఆ యూనివర్సిటీలో చదువుతున్న ఇచ్ఛాపురం అమ్మాయి ఫోన్ చేసి, "ఒక్కసారి వచ్చి వినండి టీచర్, నచ్చకపోతే నచ్చలేదనే చెప్పండి" అంది. అలా అడిగితే వెళ్ళకుండా ఎలా ఉంటాను?

బరంపురం మన మెయిన్ లైన్ మీదే ఉంది కాబట్టి ప్రయాణం సులువు. పగటి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే విజయనగరం నుంచి మూడున్నర గంటలు. పలాస, సోంపేట, ఇచ్ఛాపురం దాటగానే ఒడిశా. స్టేషన్ బయట ఆటో అబ్బాయితో నాకొచ్చిన ముక్కల హిందీ మొదలుపెట్టబోతే, "తెలుగులోనే చెప్పండమ్మా" అన్నాడు. ఈ ఊళ్ళో తెలుగుతో పని జరిగిపోతుంది. వి.వి. గిరి పుట్టిన ఊరు ఇది. సిల్కు వీధుల్లోనూ, పచ్చళ్ళూ అప్పడాలూ అమ్మే కొట్లలోనూ సగం మాటలు మనవే వినిపిస్తాయి.

మొదటి రాత్రి స్టేషన్‌కి దగ్గర్లో ఒక లాడ్జిలో దిగాను. అది నా పొరపాటు. ఏసీ గది 1,400 రూపాయలు. ఆన్‌లైన్‌లో అడ్వాన్సు కట్టినా అందలేదన్నారు. ఫోన్లో మెసేజ్ చూపించి, అరగంట వాదించాక గానీ తాళం చెవి చేతికి రాలేదు. ఇరవై నాలుగు గంటలూ వేడినీళ్ళని బోర్డు ఉంది. తెల్లారి అడిగితే బకెట్‌కి ముప్పై రూపాయలన్నారు. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది ఏసీ మోత. ఎనిమిది గంటలు ఆ గుయ్యిమనే చప్పుడులో పడుకుంటే మర్నాడు పొద్దున చెవులు మొద్దుబారి ఉన్నాయి. అన్నం తినడానికి వెళ్తూ దారిలో నాలిక కాల్చుకున్నట్టయింది. ఇలాంటి ఉత్సవానికి వెళ్ళేవాళ్ళు గది శుభ్రంగా ఉందా అని అడిగే ముందు నిశ్శబ్దంగా ఉందా అని అడగండి. వెనక వైపు గది, ఫ్యాన్ గది అయినా సరే, అదే మేలు.

మర్నాడే సామాను సర్దుకుని పిన్ని వాళ్ళింటికి వెళ్ళిపోయాను. "మా ఇల్లుండగా లాడ్జిలో దిగుతావుటే?" అని పిన్ని గుమ్మంలోనే కేకలేసింది. విషయం చెప్పాక, "ఇంత దూరం వచ్చింది చప్పుళ్ళు వినడానికా? మా వీధిలో కూర్చో, కావలసినన్ని" అంది. బాబాయి మాత్రం వివరంగా అడిగారు. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నౌపడా, గుణుపూర్ మధ్య నడిచే చిన్న బండి మీద చాలా ఏళ్ళు తిరిగారు. ప్రోగ్రామ్ కాగితంలో రైలు చప్పుళ్ళతో చేసిన పాట ఒకటుందని చెప్పగానే, "నేనూ వస్తానమ్మా" అని చొక్కా మార్చుకున్నారు.

ఊళ్ళోంచి ప్రాంగణానికి ఆటో మూడొందలు అడుగుతారు, రెండొందలకి వస్తారు. వెళ్ళడం ఇబ్బంది కాదు. రాత్రి తొమ్మిదిన్నర తరవాత తిరిగి రావడమే కష్టం, అక్కడ ఒక్క ఆటో దొరకదు. పొద్దున తీసుకెళ్ళిన అతని నంబరు ఉంచుకుని రాత్రికి రమ్మని ముందే చెప్పుకోవాలి.

హాల్లో దాదాపు నూట ఇరవై కుర్చీలు, వాటి చుట్టూ వలయంగా ఎనిమిది స్పీకర్లు, ముందు నేల మీద మంద్ర ధ్వనుల కోసం రెండు పెద్ద సబ్‌ఊఫర్లు. నడిమధ్యలో మిక్సర్ బల్ల. దాని ముందు కూర్చున్న కుర్రాడు మీటలు పైకీ కిందికీ జరుపుతూ, ఏ చప్పుడు ఏ మూల నుంచి రావాలి, ఎంత దూరంలో ఉన్నట్టు అనిపించాలి అని అప్పటికప్పుడు నడిపిస్తున్నాడు. ఇది కూడా కచేరీయే అని నాకు అక్కడ అర్థమైంది. పారిస్‌లో 1974లో ఫ్రాన్స్వా బేల్ అనే ఆయన రకరకాల స్పీకర్లని వాద్యబృందంలా కూర్చి దానికి అకూస్మోనియం అని పేరు పెట్టాడు. ఈ పిల్లలు తమకి దొరికిన ఎనిమిదింటితో అదే పద్ధతి పట్టుకున్నారు.

ఎక్కడ కూర్చోవాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. మొదటి పూట ఆలస్యమై గోడవారగా కూర్చున్నాం. మొత్తం సంగీతం పక్కనున్న స్పీకర్లోంచే వస్తున్నట్టు అనిపించింది. ధ్వని పది మీటర్లు రావడానికి సుమారు 29 మిల్లీసెకన్లు పడుతుంది. ఒకే చప్పుడు రెండు చోట్ల నుంచి వస్తే, ముందు చేరిన వైపునే మన చెవి నమ్ముతుంది. మధ్యాహ్నం మిక్సర్ బల్ల వెనక వరుసలోకి మారాం. అంతే, గోడలు మాయమైనట్టయింది. వెళ్ళేవాళ్ళు అరగంట ముందు వెళ్ళి ఆ వరుస పట్టుకోండి. ప్రవేశం ఉచితం, సీట్లకి నంబర్లు లేవు.

ఏర్పాట్ల గురించి రెండు మాటలు. సన్నటి ధ్వనులు వినపడాలని పాట నడిచేటప్పుడు ఫ్యాన్లు ఆపేశారు. ఉక్కపోసింది గానీ అది సరైన పని. ప్లాస్టిక్ కుర్చీలు మాత్రం ఎవరు కదిలినా కిర్రుమన్నాయి, వాటి బదులు చాపలు వేసినా బాగుండేది. ప్రోగ్రామ్ కాగితం ఇంగ్లీషులోనూ ఒడియాలోనూ ఉంది, తెలుగులో లేదు. ఇంతమంది తెలుగువాళ్ళున్న ఊళ్ళో ఒక పేజీ తెలుగులో వేస్తే పిన్ని లాంటి వాళ్ళు కూడా వస్తారు. నా శిష్యురాలికి ఆ మాట గట్టిగానే చెప్పాను.

ఇక రైలు పాట. 1948లో పియెర్ షెఫేర్ అనే ఫ్రెంచి రేడియో ఇంజనీరు పారిస్‌లోని బాటిన్యోల్ రైల్వే యార్డుకి వెళ్ళి ఇంజన్ల చప్పుళ్ళు పట్టుకున్నాడు. అప్పటికి ఆయన దగ్గర టేపు లేదు, పట్టుకున్నవన్నీ గ్రామఫోను డిస్కుల మీదే. గాడిని వలయంగా మూసేస్తే ముల్లు అక్కడే తిరుగుతూ ఒకే ముక్కని మళ్ళీ మళ్ళీ వినిపిస్తుంది. అలాంటి ముక్కలు పేర్చి మూడు నిమిషాలైనా లేని పాట చేశాడు. ఆ ఏడాది అక్టోబర్ 5న రేడియోలో వినిపించారు. ఈ దారికంతటికీ మొదలు అదేనంటారు. మాకు వినిపించిందీ ఆ పాటే.

దీపాలు ఆర్పారు. ఈల వినబడింది. బాబాయి నా ముంజేయి పట్టుకున్నారు. "ఇంజను నిలబడుంది. ఇప్పుడు ఆవిరి వదిలాడు" అన్నారు చెవిలో. తరవాత చక్రాలు. ఆయన చూపుడువేలు నా చేతి మీద పట్టాల అతుకులు లెక్కపెడుతోంది, టకటక్, టకటక్. ఒకచోట వేలు ఆగిపోయింది. "ఇక్కడ కోసి అతికించాడు. బండి అంత తొందరగా వేగం అందుకోదు." ముప్పయ్యేళ్ళు తాళం వేయించిన చేయి నాది, ఆ అతుకు నాకు తెలియలేదు. పాట అయ్యాక హాల్లో దీపాలు వెలిగితే ఆయన కళ్ళు తుడుచుకుంటున్నారు. అలా ఎంతసేపూ కాలేదు, మూడు నిమిషాలే.

రెండో రోజు విన్నవాటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది పిల్లలే చేసిన మగ్గం పాట. బరంపురం పట్టు నేసే తెలుగు ఇళ్ళకి వెళ్ళి, గుంట మగ్గం దగ్గర మైకులు పెట్టి పట్టుకున్నారట. ముందు ఉన్నదున్నట్టు వినిపించారు. కాళ్ళతో తొక్కే కర్ర కిర్రుమనడం, నాడె ఈ చివర నుంచి ఆ చివరకి జారడం, పేకని దగ్గరకి గుద్దే దెబ్బ. నాడె జారినప్పుడల్లా ధ్వని మన తల మీదుగా ఎడమ స్పీకర్ నుంచి కుడి స్పీకర్‌కి పోతోంది, అంటే మనం పడుగు దారాల మధ్య కూర్చున్నట్టు. తరవాత వేగం సగం చేశారు. వేగం సగమైతే ధ్వని సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఇంకో సగం, ఇంకో స్థాయి. మూడోసారి దిగేసరికి ఆ దెబ్బ గుడి తలుపు మూసినట్టుంది, కర్ర కిర్రుమన్న చోట తంబురా లాంటి నాదం పుట్టింది. అది ఎక్కడి నుంచో తెచ్చిపెట్టింది కాదు, ఆ కర్రలోనే ఉంది, మన చెవికి అందనంత తొందరగా ఉంది. ఎనిమిది నిమిషాలు నేను కదల్లేదు.

మన దేశంలో ఈ పని ఎప్పటి నుంచి ఉందో అక్కడే తెలిసింది. 1969లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ అహ్మదాబాద్ వచ్చి, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్‌తో, అంటే కరెంటుతో ధ్వనులు పుట్టించే యంత్రంతో, స్టూడియో పెట్టారు. గీతా సారాభాయ్, అతుల్ దేశాయ్ లాంటివాళ్ళు అందులో పనిచేశారు. ఆ టేపులు కొన్ని దశాబ్దాలు బీరువాల్లో ఉండిపోయి ఈమధ్యనే బయటపడ్డాయి. దీని గురించి ఒక పరిశోధక విద్యార్థి గంటసేపు మాట్లాడాడు. ప్రశ్నలకి పది నిమిషాలే మిగిల్చారు, అది తక్కువైంది. కొన్ని పాటలు నాకు పట్టుబడలేదు. సబ్‌ఊఫర్ల మీదే నడిచిన పావుగంట పాట ఒకటి గుండెల మీద కూర్చున్నట్టే ఉంది తప్ప ముందుకి కదల్లేదు.

ఆ రాత్రి గోపాలపూర్ వెళ్ళి పడుకున్నాను. ఊరికి పదహారు కిలోమీటర్లు. బీచి రోడ్డులో చిన్న గది, ఫ్యాను, కిటికీ తెరిస్తే సముద్రం, 1,100 రూపాయలు. ఒకప్పుడు ఇక్కడి రేవు నుంచే గంజాం వాళ్ళు, మన వాళ్ళు రంగం (రంగూన్) ఓడలెక్కారు. పొద్దున్నే ఇసుకలో వల లాగుతున్నవాళ్ళు తెలుగువాళ్ళే. పదం ఎత్తుకునే ఆయన గొంతు ఒకవైపు నుంచి, అందుకునే పదిమంది గొంతులు ఇంకోవైపు నుంచి, వెనక అలలు. రెండు రోజుల వినికిడి తరవాత ఏ చప్పుడు ఎంత దూరంలో ఉందో విడివిడిగా తెలుస్తోంది. మళ్ళీ వెళ్తే రెండు రాత్రులూ అక్కడే ఉండి కచేరీకి ఆటోలో వస్తాను. భోజనానికి మాత్రం బరంపురమే నయం. బీచిలో చేపల వేపుడు ధర ముందే అడిగి ఆర్డర్ ఇవ్వాలి.

మూడో రోజు కారు మాట్లాడుకుని, బాబాయిని ఎక్కించుకుని, తప్తపాణి మీదుగా కొండల్లోకి వెళ్ళాం. 4,500 రూపాయలు. డ్రైవరు హారన్ తక్కువ కొట్టే మనిషి, అందుకు విడిగా మెచ్చుకోవాలి. తప్తపాణి వేడినీటి గుండం దగ్గర జనం ఎక్కువ, పది నిమిషాలు చాలు. చంద్రగిరి దాటి జీరంగలో టిబెట్ వాళ్ళ పెద్ద విహారం ఉంది, 2010లో దలైలామా చేతుల మీదుగా తెరిచారు. మేం వెళ్ళేసరికి లోపల ప్రార్థన నడుస్తోంది. మనిషి కంటే పొడుగున్న బాకాలు రెండు ఊదారు. ముందు రోజు నాకు నచ్చని సబ్‌ఊఫర్ పాట లాంటి మంద్రమే అది, కానీ ఇది ఊపిరితో వస్తోంది, ఊపిరి అయిపోగానే ఆగుతోంది. ఆ పాటలో లోపించింది అదేనేమో అనిపించింది. శిష్యురాలికి అక్కడి నుంచే మెసేజ్ పెట్టాను.

సాయంత్రానికి పర్లాకిమిడి చేరాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు. రాతలేని సవర భాషని ఆయన ఆ మనుషుల మధ్య కూర్చుని చెవితో విని నేర్చుకున్నారు, వ్యాకరణం రాశారు, నిఘంటువు చేశారు. ఆ కొండల్లో తిరిగినందుకు మలేరియా వచ్చింది, దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయనకి చెవుడు వచ్చింది. రెండు రోజులు చెవుల పండగ చేసుకుని వచ్చిన నాకు ఆ ఊళ్ళో ఆ సంగతి గుర్తొచ్చి చాలాసేపు మాట రాలేదు.

నేను అక్కడి నుంచి రైల్లో ఇంటికి, బాబాయి కారులో వెనక్కి. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న పట్టా తీసేసి బ్రాడ్‌గేజ్ చేశారు, 2011లో మళ్ళీ బళ్ళు మొదలయ్యాయి. ప్లాట్‌ఫారం మీద బాబాయి పట్టాల వంక చూస్తూ, "ఇప్పుడన్నీ వెల్డింగ్ చేసేస్తారమ్మా. టకటక్ ఉండదు" అన్నారు. బండి వచ్చింది. నేను కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఊపబోతే, ఆయన కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నారు. బండి కదిలాక చూపుడువేలు తొడ మీద ఒకటి, రెండు, ఒకటి, రెండు అని కొడుతోంది.