జాగ్రత్త: ‘స్పెయిన్‌లో బీచ్ పక్కన ఇల్లు, పిల్లల్ని చూసుకుంటే జీతం’ అనే ప్యాకేజీ

స్పెయిన్ ‘ఓ పెయిర్’ ప్యాకేజీ అమ్మే కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టేముందు ఒక్కటే అడగండి: ఇది ఉద్యోగమా, కాదా? ‘ఉద్యోగమే, నెలకి ఇంత జీతం’ అన్నారంటే బేరం అక్కడితో ఆపేయండి. ఓ పెయిర్ ఉద్యోగం కాదు. ఒక కుటుంబంతో ఇంటి మనిషిలా కలిసి ఉంటూ, రోజుకి కొన్ని గంటలు పిల్లల్ని చూసుకుంటూ, వాళ్ల భాష నేర్చుకునే ఏర్పాటు. బదులుగా గది, భోజనం, చేతి ఖర్చుకి కాస్త డబ్బు. అంతే.

దీనికి మూలం 1969లో స్ట్రాస్‌బర్గ్‌లో కుదిరిన యూరోపియన్ ఒప్పందం. స్పెయిన్ అందులో ఉంది. 17 నుంచి 30 ఏళ్ల మధ్యవాళ్లకే వర్తిస్తుంది. పని రోజుకి 5 గంటలు దాటకూడదు, వారానికి ఒక పూర్తి రోజు సెలవు ఇవ్వాలి, నెలలో కనీసం ఒక సెలవు ఆదివారం రావాలి. భాషా తరగతులకి వెళ్లేంత ఖాళీ ఉండాలి. షరతులన్నీ రాతలో ఉండాలి. కన్సల్టెన్సీ చేతిలో పెట్టే రంగురంగుల బ్రోషర్‌లో ఇవేవీ కనపడకపోతే కారణం ఊహించడం కష్టం కాదు.

‘ఉద్యోగం’ అని అమ్మేవాళ్లకి ఇంకో చిక్కుంది. విదేశీ ఉద్యోగాలకి మనుషుల్ని పంపాలంటే 1983 వలసల చట్టం కింద లైసెన్స్ కావాలి. ఏజెంటు పేరు భారత విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్‌లో కనిపించాలి. లైసెన్స్ ఉన్న ఏజెంటు కూడా అభ్యర్థి దగ్గర 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. లక్షల్లో అడిగేవాణ్ణి లైసెన్స్ చూపించమనండి. చాలాసార్లు అక్కడే మాట మారుతుంది: ‘ఇది ఉద్యోగం కాదండీ, కల్చరల్ ఎక్స్ఛేంజ్.’ మరి అలాంటప్పుడు జీతం ఎక్కణ్ణుంచి వచ్చింది?

డబ్బు లెక్క చూడండి. స్పెయిన్‌లో ఓ పెయిర్‌కి ఇచ్చే పాకెట్ మనీ మామూలుగా వారానికి 70 నుంచి 100 యూరోలు. నెలకి మూడు, నాలుగు వందల యూరోలన్నమాట. అందులోనే ఫోను, బస్సు, సబ్బులు, బయట కాఫీ. చాలా కుటుంబాలు విమానం టికెట్ ఇవ్వవు, కోర్సు ఫీజు సంగతి ముందే మాట్లాడుకోవాలి. మూడు నాలుగు లక్షలు అప్పు చేసి వెళ్లి ఈ డబ్బుతో తీర్చడం కుదరని పని. రోజంతా పిల్లలు, వంట, ఇల్లు తుడవడం, బట్టలు ఇస్త్రీ అన్నీ చేయించుకునే కుటుంబానికి కావలసింది ఓ పెయిర్ కాదు, ఇంటి పనిమనిషి. ఆ పనికి అక్కడ చట్టబద్ధమైన కనీస వేతనం ఉంది: 2025లో పూర్తికాలానికి నెలకి 1,184 యూరోలు, ఏడాదికి 14 సార్లు, పైగా సోషల్ సెక్యూరిటీ. ‘ఓ పెయిర్’ అన్న మాట చాటున ఈ తేడా అంతా మిగుల్చుకునే కుటుంబాలున్నాయి.

వీసా దగ్గర వినిపించే పెద్ద అబద్ధం: ‘టూరిస్ట్ వీసా మీద వెళ్లండి, అక్కడ మార్పిస్తాం.’ షెంజెన్ టూరిస్ట్ వీసా మీద 180 రోజుల్లో 90 రోజులే ఉండనిస్తారు, దాని మీద ఓ పెయిర్‌గా ఉండటం కుదరదు. ఎయిర్‌పోర్టులో అధికారి ‘ఎవరింటికి, ఎందుకు’ అని అడిగినప్పుడు నిజం చెబితే వెనక్కి పంపొచ్చు, అబద్ధం చెబితే తర్వాతి వీసాలకీ మచ్చే. కావలసింది ఇక్కణ్ణుంచే తీసుకునే డి రకం (దీర్ఘకాల) వీసా. దానికి కుటుంబం సంతకం చేసిన ఒప్పందం, భాషా కోర్సులో చేరినట్టు కాగితం, ఆరోగ్య బీమా, ఆరు నెలలు దాటితే మెడికల్ సర్టిఫికెట్, పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పీసీసీ (పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్) కావాలి. పీసీసీకి అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా వేసే ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర), స్పానిష్ అనువాదం చేయించాలి. ఇవన్నీ సొంతంగా చేసుకోగలిగే పనులే. ‘మాకు ఎంబసీలో మనుషులున్నారు’ అనేవాడికి ఒక్క రూపాయి ఇవ్వకండి. ఎంబసీలో ఉన్నవాళ్లు కన్సల్టెన్సీ మెట్లెక్కి కూర్చోరు.

ఇక సముద్రం సంగతి. ప్యాకేజీకి అందమైన ఫొటో ఇదే, గొడవలు ఎక్కువగా వచ్చేదీ ఇక్కడే.

స్పెయిన్‌లో స్కూళ్లకి వేసవి సెలవులు జూన్ మూడో వారం నుంచి సెప్టెంబర్ మొదటి, రెండో వారం దాకా, దాదాపు 11 వారాలు. మిగతా కాలంలో పిల్లలు స్కూల్లో ఉంటారు కాబట్టి 5 గంటలు సరిపోతాయి. సెలవుల్లో పొద్దున లేచినప్పటి నుంచి పడుకునేదాకా పిల్లలు ఇంట్లోనే. అక్కడ రాత్రి భోజనమే 9, 10 గంటలకి. ఒప్పందంలో వేసవి గంటలు విడిగా రాయకపోతే 5 గంటలు 12 అవుతాయి. పైగా చాలా కుటుంబాలు ఆగస్టులో నగరంలోని ఇల్లు వదిలి సముద్రం దగ్గర చిన్న అపార్ట్‌మెంట్‌కి మారతాయి. ఫొటోలో చూపించిన విడి గది నగరంలోని ఇంట్లోది. బీచ్ ఇంట్లో పిల్లలతో బంక్ బెడ్ పంచుకోవాల్సి రావొచ్చు. ‘రెండు ఇళ్లలోనూ తలుపు వేసుకునే విడి గది’ అని రాయించుకోండి.

ఊరి పేరు కూడా అడగండి, ‘కోస్టా’ (తీరం) అంటే సరిపోదు. సిట్జెస్‌కి బార్సిలోనా నుంచి లోకల్ రైలు ఉంది. మార్బెల్లాకి రైలే లేదు, మాలగా లోకల్ ఫుయెన్‌గిరోలా దగ్గర ఆగిపోతుంది. హవేయాకీ స్టేషన్ లేదు. కొండ మీద విల్లాల కాలనీ అయితే బస్సు ఉందో లేదో మ్యాప్‌లో చూసుకోవాలి. బస్సు లేకపోతే సెలవు రోజు సెలవే కాదు, గదిలో కూర్చోవడమే. భాషా తరగతికి వెళ్లడమూ కష్టమే. కోస్టా బ్రావా వైపు పిల్లల చదువు కాటలాన్‌లో, అలికాంతే వైపు వాలెన్సియన్ కూడా వినిపిస్తుంది. నేర్చుకునే స్పానిష్ వేరు, ఇంట్లో పిల్లలు మాట్లాడేది వేరు కావొచ్చు.

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. ఈత రానివాళ్లు ఆ సంగతి మొదటి వీడియో కాల్‌లోనే చెప్పాలి, ఒప్పందంలో రాయించాలి: ‘పూల్ దగ్గరా సముద్రంలోనూ పిల్లల బాధ్యత తల్లిదండ్రులదే.’ చెప్పకుండా వెళ్లి మూడేళ్ల పిల్లాడితో పూల్ పక్కన ఒంటరిగా ఉండటం మనకీ ప్రమాదమే, ఆ బిడ్డకీ ప్రమాదమే. బీచ్‌లో పచ్చ జెండా ఉంటే దిగొచ్చు, పసుపు ఉంటే జాగ్రత్త, ఎరుపు ఉంటే దిగకూడదు. లైఫ్‌గార్డులు మామూలుగా సీజన్‌లోనే, పగలే ఉంటారు. కాదిస్ వైపు ‘లెవాంతే’ అనే తూర్పు గాలి ఒడ్డు నుంచి సముద్రంలోకి వీస్తుంది. గాలి నింపిన బొమ్మ మీద కూర్చున్న పిల్లల్ని నిమిషాల్లో లోపలికి తోసేస్తుంది, కాబట్టి ఆ రోజు బొమ్మలు ఇంట్లోనే పెట్టాలి. జెల్లీ చేప తగిలితే మంచినీళ్లు పోయకూడదు, సముద్రపు నీళ్లతోనే కడగాలి. వీసా కోసం తీసుకున్న ఆరోగ్య బీమా మన వైద్యానికి మాత్రమే. మన చేతిలో ఉన్న బిడ్డకి దెబ్బ తగిలితే వచ్చే బాధ్యతకి వేరే పాలసీ ఉంటుంది, అది కుటుంబానికి ఉందో లేదో అడగండి.

కుటుంబమే బోగస్ అయ్యే కేసులు వేరు. అందమైన ఇల్లు, ఇద్దరు బంగారం లాంటి పిల్లలు, వారానికి 300 యూరోలు, వంట కూడా అక్కర్లేదు. నాలుగో మెయిల్‌లో ‘మా లాయర్‌కి వీసా ఫీజు పంపండి’ అంటారు. స్పెయిన్ వీసా ఫీజు దరఖాస్తు పెట్టేటప్పుడు బీఎల్ఎస్ కేంద్రంలో కడతారు, ఎవరి సొంత ఖాతాలోకీ వెయ్యరు. ఫొటోలని గూగుల్‌లో ఇమేజ్ సెర్చ్ చేయండి. పిల్లలూ తల్లిదండ్రులూ ఇద్దరూ కనపడేలా వీడియో కాల్ అడగండి, ఇల్లంతా తిప్పి చూపించమనండి. అంతకుముందు ఆ ఇంట్లో ఉన్న ఓ పెయిర్‌తో మాట్లాడించమనండి. బోగస్ కుటుంబం ఇక్కడే జారుకుంటుంది.

దిగాక మొదటి నెల కాగితాలకే. ఊరి మునిసిపాలిటీలో ‘పాద్రోన్’ అనే చిరునామా నమోదు చేయించాలి. దానికి ఇంటి యజమాని సంతకం కావాలి. ‘అదేం అక్కర్లేదు’ అనే కుటుంబం మిమ్మల్ని కాగితాల మీద చూపించదలచుకోలేదని అర్థం. ఆరు నెలలకి మించి ఉండేవాళ్లు దిగిన నెల లోపు పోలీసు ఆఫీసులో టీఐఈ అనే విదేశీయుల గుర్తింపు కార్డుకి దరఖాస్తు చెయ్యాలి: ఈఎక్స్-17 ఫారం, 790-012 ఫీజు రసీదు, వేలిముద్రలు. అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టం, కాబట్టి దిగిన రోజు నుంచే ప్రయత్నించాలి. పాస్‌పోర్టు ‘మా దగ్గర భద్రంగా ఉంచుతాం’ అంటే ఇవ్వొద్దు.

సంబంధం తెగితే ఎలాగో కూడా ముందే రాసుకోండి. 1969 ఒప్పందం ప్రకారం గడువు రాయని ఏర్పాటుకి రెండు వారాల నోటీసు. ఆ రెండు వారాలూ గది, భోజనం ఆగకూడదని కూడా రాయించండి, లేకపోతే ఆగస్టులో బీచ్ ఊళ్లో హాస్టల్ మంచం కూడా దొరకదు. వెనక్కి వచ్చే టికెట్‌కి సరిపడా డబ్బు ముట్టుకోకుండా విడిగా ఉంచుకోండి. ఇంట్లో వేధింపు ఎదురైతే 112కి ఫోన్ చేయండి. ఆడవాళ్లపై హింసకి సంబంధించిన 016 హెల్ప్‌లైన్ ఉచితం, చాలా భాషల్లో మాట్లాడతారు, బిల్లులో నంబర్ రాదు, కానీ ఫోన్‌లో కాల్ హిస్టరీ మాత్రం చెరిపేసుకోవాలి. పాస్‌పోర్టు లాగేసుకుంటే పోలీసులతో పాటు మాడ్రిడ్‌లోని భారత ఎంబసీకి, విదేశాంగ శాఖ ఫిర్యాదుల సైట్ అయిన మదద్ పోర్టల్‌కి రాయండి.

ఇక్కడ కన్సల్టెన్సీ చేతిలో మోసపోయినవాళ్లు ముందు రసీదు చూసుకోండి. ‘కౌన్సెలింగ్ ఛార్జీలు, నాన్ రిఫండబుల్’ అని రాసి ఉంటే అది తిరిగి ఇవ్వకుండా ఉండటానికే. అయినా వదలొద్దు. వాట్సాప్ సంభాషణ, బ్రోషర్, బ్యాంకు స్టేట్‌మెంట్ అన్నీ పెట్టి 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి, తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లండి. ఆన్‌లైన్‌లో పంపిన డబ్బు అయితే అదే రోజు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.