చేపల ట్యాంక్ నుంచి సంప్‌కి నీళ్లు దించడానికి గ్లాస్‌కి హోల్ కొట్టించాలా, పీవీసీ ఓవర్‌ఫ్లో చాలా?

బెంగళూరు మారతహళ్లిలో అద్దిల్లు, హాల్లో 4 అడుగుల ట్యాంక్ (48×18×18 అంగుళాలు, అంచుదాకా అయితే దాదాపు 255 లీటర్లు). సంప్ (ట్యాంక్ కింద పెట్టే ఫిల్టర్ తొట్టి) కట్టడం తేలికే అండీ, నీళ్లు కిందకి దించడమే తలనొప్పి. హోల్ అయితే గ్లాస్‌లోంచే పైపు దిగుద్ది, పీవీసీ ఓవర్‌ఫ్లో అంటే ట్యాంక్ అంచు మీదుగా వంచి దించే పైపు.

ఖర్చు: పీవీసీకి ఎల్బోలు, టీలు, పైపు ముక్కలు, సొల్యూషన్ డబ్బా. హోల్‌కి డైమండ్ బిట్, బల్క్‌హెడ్ (హోల్‌లో లీక్ కాకుండా పైపు బిగించే ఫిట్టింగ్), పైగా కూలి.

శ్రమ: పీవీసీ ఒక ఆదివారం పని, నిండిన ట్యాంక్‌కే తగిలించొచ్చు. హోల్ అంటే ట్యాంక్ ఖాళీ చేసి చేపల్ని టబ్బులో పెట్టుకుని కూర్చోవాలి.

రిస్క్: అసలు కథ ఇక్కడుంది. హోల్ కొట్టేటప్పుడు గ్లాస్ పగలొచ్చు, టఫెన్డ్ గ్లాస్ జోలికైతే అసలు పోవద్దు, మొత్తం పొడిపొడి అయిపోద్ది. కానీ ఆ గండం ఒక్కసారే. పీవీసీ నడిచేది సైఫన్ మీద (పైపు నిండా ఉన్న నీళ్లే వెనక నీళ్లని లాక్కొస్తాయి), పై మలుపులో గాలి చేరి అది తెగిందనుకోండి, కింద పంపు మాత్రం నీళ్లు పైకి తోస్తూనే ఉంటది. నాకు రాత్రి కరెంట్ పోయి వచ్చాక సరిగ్గా ఇదే అయింది, పొద్దున్నే కాలు కింద పెడితే మ్యాట్ పచక్కుమంది, కింద ఫ్లాట్ ఆంటీ అప్పటికే బెల్ కొడుతున్నారు.

ఏదైనా సరే, కరెంట్ పోతే పై నీళ్లు కొన్ని కిందకి దిగుతాయి కాబట్టి సంప్‌లో ఖాళీ వదలాలి, ఈ సైజులో అంగుళం నీళ్లు దిగితే 14 లీటర్లు.

కొత్త ట్యాంక్ చేయిస్తుంటే కళ్లు మూసుకుని హోల్. ఆల్రెడీ నడుస్తున్న ట్యాంకైతే పీవీసీనే, కాకపోతే సంప్‌లో పంపు ఉండే అరని, అందులో నీళ్లన్నీ పైకెళ్లినా ట్యాంక్ పొంగనంత చిన్నగా కట్టుకోండి.