లండన్–న్యూయార్క్: వెళ్లేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఒక లెక్క

ఎటు నుంచి కొలిచినా ఈ రెండు నగరాల మధ్య విమాన దూరం సుమారు 5,550 కిలోమీటర్లే. కానీ లండన్ నుంచి న్యూయార్క్‌కు దాదాపు 8 గంటలు పడితే, తిరుగు ప్రయాణం 7 గంటల్లోపే అయిపోవచ్చు. కారణం జెట్ స్ట్రీమ్. విమానాలు ఎగిరే ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే బలమైన గాలి ఇది. న్యూయార్క్ వెళ్లేటప్పుడు ఎదురుగాలి, లండన్ వచ్చేటప్పుడు అదే వెనక నుంచి తోస్తుంది. చలికాలంలో దీని జోరు ఇంకా ఎక్కువ. 2020 ఫిబ్రవరిలో ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం న్యూయార్క్ నుంచి లండన్‌కు 5 గంటల లోపే చేరుకుంది!

టైమ్ తక్కువ కదా అని తూర్పు ప్రయాణమే సుఖం అనుకోకండి. అటు వచ్చేవి ఎక్కువగా రాత్రి విమానాలు. పైగా గడియారం 5 గంటలు ముందుకు జరుగుతుంది, నిద్ర సగమే అవుతుంది. నాకైతే పగటిపూట పడమరకు వెళ్లే ఆ 8 గంటలే నయం.