కర్నూలులో చేయించిన రోమన్ ఈటెలు: పనితనం మెచ్చదగినదే, పొది మాత్రం అనవసరం

మా డిగ్రీ కళాశాల చరిత్ర ప్రదర్శన కోసం కర్నూలు పాతబస్తీలోని ఒక కమ్మరి దుకాణంలో రోమన్ కాల్బలపు సైనికుడి ఆయుధాల నమూనాలు చేయించాము. నాటకాలకు కత్తులు, గదలు చేసి చేయి తిరిగిన ఆ దుకాణం వారు రెండు విసురు ఈటెలు, ఒక డాలు, ఐదు సీసపు బాణాలు (సీసపు బరువు తగిలించి చేతితో విసిరేవి), వీపుకు తగిలించుకునే తోలు పొది కలిపి 9,000 రూపాయలకు ఇచ్చారు.

‘పీలుం’ అనే ఆ ఈటెలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. మొత్తం పొడవు సుమారు రెండు మీటర్లు ఉండగా, అందులో దాదాపు మూడో వంతు సన్నని ఇనుప కాడ, దాని కొసన పిరమిడ్ ఆకారపు చిన్న మొన ఉన్నాయి. మొన డాలును చీల్చిన తరువాత అదే రంధ్రం గుండా కాడ జారి, డాలు వెనుక ఉన్న మనిషిని అందుకోవడానికే అంత పొడవు. క్రీ.పూ. 58లో హెల్వెటీలు అనే తెగతో జరిగిన పోరులో ఒకే ఈటె పక్కపక్కనున్న డాళ్లను కలిపి గుచ్చివేసిందనీ, ఇనుము వంగిపోయి ఊడిరాకపోవడంతో చాలామంది డాళ్లనే పారవేశారనీ జూలియస్ సీజర్ రాశాడు. కాబట్టి కాడను గట్టిపరచకుండా మెత్తని ఇనుముతోనే వదిలివేయడం సరైన పని. కాడను కర్రకు బిగించే రెండు రివిట్లలో ఒకదానికి బదులు చెక్క మేకు కావాలని అడిగితే విసుక్కోకుండా వేసి ఇచ్చారు. క్రీ.పూ. 101లో సింబ్రీలు అనే తెగతో యుద్ధానికి ముందు రోమన్ సేనాని మారియస్ ఈ మార్పు చేయించాడని గ్రీకు రచయిత ప్లూటార్క్ చెబుతాడు. తుమ్మకర్ర వాడినందువల్ల బరువు కొంత పెరిగింది కానీ, ప్రదర్శనకు అది లోపం కాదు.

నా అభ్యంతరమంతా ఆ తోలు పొది మీదే. రాముడి అమ్ములపొదిని తలచుకొని కుట్టినట్టున్న అందులో నుంచి రెండు మీటర్ల ఈటెను భుజం మీదుగా పైకి లాగడానికి ఎవరి చేయీ చాలదు. గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ కాలంలో (క్రీ.పూ. 2వ శతాబ్దం) ముందు వరుసల్లోని ఒక్కొక్క సైనికుడికి రెండు పీలుంలు ఉండేవి; వాటిని చేతితో పట్టుకొనే నడిచేవారు. మూటాముల్లె సంగతి వేరు, రోమ్ నగరంలోని ట్రాజన్ చక్రవర్తి విజయస్తంభం మీద చెక్కిన సైనికులు వాటిని భుజం మీది కర్రకు తగిలించుకొని కనిపిస్తారు. పొది వాడినది గుర్రపు రౌతులు. పక్కన వేలాడే పొదిలో మూడు, అంతకు మించి వెడల్పు మొనల ఈటెలు ఉండేవని మొదటి శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసెఫస్ వర్ణించాడు.

సీసపు బాణాల విషయంలో దుకాణం వారు మెప్పించారు. డాలు లోపలి వైపు ఐదు కొక్కేలు అమర్చి, చేతిపిడికి అడ్డు రాకుండా బాణాలను వాటిలో దూర్చారు. ఒక్కొక్కరు ఐదేసి చొప్పున డాలులోనే మోసేవారన్న రోమన్ యుద్ధశాస్త్ర రచయిత వెజీషియస్ మాటకు ఇది చక్కగా కుదిరింది. అయితే ఆయన ఈ బాణాలను మూడో శతాబ్దం చివరి చక్రవర్తి డయోక్లీషియన్ నాటి దళాలకు ముడిపెడతాడు. మాకు ఇచ్చిన దీర్ఘచతురస్రపు డాలు ప్రధానంగా అంతకు ముందరి శతాబ్దాలది. రెండింటినీ ఒకే బొమ్మకు తొడగకుండా వేర్వేరు బల్లల మీద పెట్టడం మేలు.

చేయించుకోదలచినవారు పొది వద్దని ముందే చెబితే ధర కొంత తగ్గుతుంది. మొనలు మొద్దుగా ఉంచమని కూడా చెప్పాలి; మావి పదునుగా వస్తే తిరిగి అరగదీయించాము. బస్సులో తీసుకువెళ్లేవారు చెక్క మేకుతో పాటు రెండో రివిట్‌కు బదులు బోల్టు వేయించుకుంటే ఈటెను రెండు ముక్కలుగా విడదీయవచ్చు.