52 కార్డుల పెట్టె, అందులో లేని కంపానా

మొదటి రిహార్సల్లోనే నా పరువు పోయింది. సల్సా అనే లాటిన్ అమెరికా నాట్యసంగీతం వాయించే బృందంలో నా పని చిన్నది. మరకాస్ అనే గిలక్కాయల జత ఊపడం, కోరస్‌లో గొంతు కలపడం, అంతే. నా పక్కన బొంగో అనే చిన్న జంట డప్పులు వాయించే పెద్దాయన క్యూబా రాజధాని హవానాలో పుట్టి పెరిగినవారు. అందరూ మాయెస్త్రో, అంటే గురువుగారు, అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. పాట మోంతూనోలోకి వచ్చింది. గాయకుడూ కోరస్సూ ఒకరి తర్వాత ఒకరు అందుకుంటూ ఊపు పెంచే భాగం అది. ఆయన బొంగోను మోకాళ్ల మధ్య నుంచి తీసి కింద పెట్టేసి, నా వైపు చూడకుండానే చెయ్యి చాచి, "కంపానా, మీహా!" అన్నారు. మీహా అంటే "అమ్మాయ్" అన్నట్టు. కంపానా అంటే గంట. గంట ఎక్కడుందా అని నేను కుర్చీల కిందంతా వెతుకుతున్నాను. అదేమో నా కాలి పక్కనే ఉంది: నాలుక లేని ఇనప గంట, దాని మీద లావుపాటి కర్ర. చూశాను కూడా. కానీ నేను నేర్చుకున్న పేరు సెన్సెఱ్ఱో. ఎనిమిది బార్లు, అంటే ఎనిమిది తాళపు ఆవర్తనాలు, పాపం ఆయన తొడ మీదే దరువేసుకున్నారు.

నాకు సెన్సెఱ్ఱో అని నేర్పింది ఈ పెట్టె. అందుకే ఈ సమీక్ష.

లాటిన్ సంగీత వాద్యాల స్పానిష్ పేర్లు నేర్పే 52 కార్డులు ఇందులో ఉంటాయి. ఒకవైపు వాద్యం బొమ్మ. రెండోవైపు స్పానిష్ పేరు, దేశం, రెండు మూడు వాక్యాల వివరం, మూలన స్కాన్ చేసే కోడ్. స్కాన్ చేస్తే ఒకావిడ పేరు రెండుసార్లు పలుకుతారు, ఆ తర్వాత పది సెకన్ల వాయింపు వినిపిస్తుంది. నాకు పడింది 40 డాలర్లు. అట్ట గట్టిది. మూడు నెలలుగా నా సంచిలో నలుగుతున్నా అంచులు చిట్లలేదు. కంపెనీ పేరు రాయడం లేదు. తప్పులన్నీ రాసి పంపితే తర్వాతి ముద్రణలో చూస్తామని మర్యాదగా జవాబిచ్చారు. చూడనిద్దాం.

ముందు మెచ్చుకోవాల్సింది ఆ గొంతును. తొందర లేదు, నటన లేదు. పెట్టెతో పాటు ఉచ్చారణ కాగితం ఒకటి ఇచ్చారు, ఇంగ్లిషు అక్షరాల్లో. అది చూసి చదివితే టింబాలెస్, ట్రెస్, టుంబడోరా అని వస్తుంది. ఆవిడ పలికేది తింబాలెస్, త్రెస్, తుంబాదోరా. అచ్చం మన త, మన ద. ఆ కాగితం పక్కన పడేసి, ప్రతి కార్డు వెనకా తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాను. బడిలో "ఇవెందుకు దిద్దిస్తున్నారో" అని విసుక్కున్న అక్షరాలకు అప్పుడు పని దొరికింది. సెన్సెఱ్ఱోలో రెండు ఆర్‌లు నాలుక అదిరేలా పలకాలి. గుఱ్ఱంలోని బండి ఱ దానికోసమే దాచిపెట్టినట్టుంది. గితాఱ్ఱాకూ అదే. ఆండీస్ కొండల్లో గొట్టాలు వరసగా కట్టి ఊదే వాద్యం ఉంది, సాంపోఞా. ఎన్ అక్షరం మీద అల గీసిన ఆ ధ్వనికి మన ఞ సిద్ధంగా ఉంది. ఎన్నేళ్ల నుంచి ఖాళీగా కూర్చుందో పాపం!

జె అక్షరం దగ్గరే నా అసలు బండారం బయటపడింది. ఏళ్ల తరబడి నేను కాజోన్ అంటూ వచ్చాను. చుట్టూ ఉన్నవాళ్లూ అదే అంటుంటే దిద్దేదెవరు? అది కాహోన్, మీద కూర్చుని చేతులతో వాయించే చెక్కపెట్టె. మాటకు అర్థం ఉత్త పెట్టె, లేదా సొరుగు. అలాగే హరానా అనే చిన్న గిటారు, కిహాదా. కిహాదా అంటే గాడిద దవడ ఎముక. ఎండబెడితే పళ్లు కుదుళ్లలో వదులవుతాయి, పిడికిలితో గుద్దితే ఎముక మొత్తం గలగలలాడుతుంది. ఆ ఆడియో మాత్రం అద్భుతం. స్కాన్ చేసినప్పుడల్లా ఇంట్లోవాళ్లు ఉలిక్కిపడుతున్నారు.

కాహోన్ కార్డు వెనక మాత్రం "స్పెయిన్, ఫ్లమెంకో వాద్యం" అని ఉంది. నాకు మొదట ఒళ్లు మండింది అక్కడే. అది పెరూలో నల్లజాతివాళ్ల చేతుల్లో పుట్టిన వాద్యం. 1970ల చివర్లో పెరూ రాజధాని లిమాకు వెళ్లిన స్పెయిన్ గిటారిస్టు పాకో దే లుసీయా దాన్ని విని, వెంట తీసుకెళ్లి తన దేశపు నాట్యసంగీతమైన ఫ్లమెంకోలో పెట్టారు. పెరూ 2001లో దాన్ని జాతీయ సాంస్కృతిక వారసత్వంగా ప్రకటించింది కూడా. అల్లుడిగా వెళ్లిన ఇంటి పేరే పుట్టింటి పేరని రాసినట్టుంది.

గ్విరో కార్డులో తప్పు చూడటానికి చిన్నది. సొరబుర్ర మీద అడ్డంగా గాట్లు పెట్టి పుల్లతో గీకే వాద్యమది. స్పానిష్‌లో రాసేటప్పుడు యు మీద రెండు చుక్కలు పెట్టాలి. ఆ చుక్కలుంటేనే 'గ్వి' అని పలుకుతారు. లేకపోతే యు మూగబోయి 'గి' అవుతుంది, గితాఱ్ఱాలో అయినట్టు. కార్డు మీద చుక్కలు ఎగిరిపోయాయి. అంటే అచ్చులో ఉన్నది 'గిరో', ఆవిడ పలికేది 'గ్విరో'. చూపు ఒకటి చెబుతుంటే చెవి ఇంకోటి చెబుతుంది. పేర్లు నేర్పడానికే పుట్టిన పెట్టెలో చుక్క కూడా పేరులో భాగమే కదా.

ఇవన్నీ రాతలో దొర్లిన తప్పులే, దిద్దుకోవచ్చు. నా అసలు ఫిర్యాదు వేరే. ఒక బొమ్మకు ఒక పేరు అన్న లెక్కతో పెట్టెనంతా తయారుచేశారు. వాద్యాల ప్రపంచం ఆ లెక్కలో ఇమడదు. గ్విరో సంగతే తీసుకోండి. డొమినికన్ రిపబ్లిక్‌లో మెరెంగే అనే నాట్యసంగీతం వాయించేవాళ్లది రేకు గొట్టం, దాన్ని గ్విరా అంటారు. కొలంబియా జానపద సంగీతం వయెనాతోలో అకార్డియన్ పక్కన గీకేది గ్వాచరాకా. క్యూబాలో ఇనప దానికి గ్వాయో అన్న పేరుంది. ఆ మాటకు కొబ్బరీ దుంపలూ తురుముకునే తురుము పీట అన్న అర్థం కూడా ఉంది. పని ఒకటే, గీకడం. పేర్లు నాలుగు. కార్డు ఒకటి.

దీనికి తలకిందులు క్వాత్రో. క్వాత్రో అంటే నాలుగు. కార్డు మీది బొమ్మ చూస్తే వయొలిన్‌లా నడుము నొక్కిన వాద్యం, తీగలు లెక్కపెడితే పది. రెండేసి చొప్పున అయిదు జతలు. అది ప్వెర్తో రీకో క్వాత్రో. తీగలు పెరిగాయి, పేరు మాత్రం నాలుగు దగ్గరే ఆగింది. సరే అని కోడ్ స్కాన్ చేశాను. వినిపించింది నాలుగు తీగల మీద వేళ్లన్నీ విసిరి కొట్టే గలగల. అది వెనెజువేలా క్వాత్రో, గిటారు తమ్ముడిలా ఉంటుంది. బొమ్మ ఒక దేశానిది, చప్పుడు ఇంకో దేశానిది! అక్కడివాళ్లు దాన్ని శ్రుతి చేస్తూ "కాం-బుర్-పిన్-తోన్" అని పాడుకుంటారు, తీగకో అక్షరం. దోర అరటిపండు అని అర్థం. మూడు తీగలు మెట్లెక్కినట్టు పైకి పోయి, నాలుగోది 'తోన్' దగ్గర మళ్లీ కిందికి దిగుతుంది. ఒకసారి విన్నవాళ్లకు ఆ శ్రుతి జన్మలో మరుపు రాదు. కార్డులో రాయాల్సింది ఇదీ! అక్కడేమో "ఉల్లాసభరితమైన తీగవాద్యం" అని రాసి చేతులు దులుపుకున్నారు.

గైతా దగ్గరా అంతే. స్పెయిన్‌లో గైతా అంటే తిత్తితో ఊదే బ్యాగ్‌పైప్. కొలంబియా కరీబియన్ తీరంలో గైతా అంటే పొడవాటి పిల్లనగ్రోవి. తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి తలకట్టు చేసి, అందులో ఈక కాడను గుచ్చి, దాంట్లోంచి ఊదుతారు. అవి జంటగా ఉంటాయి. గైతా ఎంబ్రా అంటే ఆడది, అయిదు రంధ్రాలు, పాట నడిపేది. గైతా మాచో అంటే మగది, రెండే రంధ్రాలు. దాన్ని వాయించేవాడు రెండో చేత్తో మరకా ఊపుతుంటాడు. వెనెజువేలాలోని సూలియాకు వెళ్తే గైతా అసలు వాద్యమే కాదు, పాటల తీరు. కార్డు మీద ఒక్క బ్యాగ్‌పైప్ బొమ్మ వేసి కింద "కొలంబియా" అని రాశారు. ఆ కార్డు గీసినవాళ్లూ రాసినవాళ్లూ ఒకే గదిలో ఎప్పుడూ కూర్చోలేదని నా నమ్మకం.

నాలుగు కార్డులు మాత్రం నేరుగా తీసి పక్కన పెట్టేయండి: క్వీకా, సుర్దో, పందేయ్రు, బెరింబావ్. అవి బ్రెజిల్‌వి, ఆ పేర్లు స్పానిష్ కావు. బ్రెజిల్ మాట్లాడేది పోర్చుగీస్. అకార్డియన్ లాంటి బందోనెయోన్ అర్జెంటీనాలో పుట్టిందని రాశారు. పుట్టింది జర్మనీలో, పేరు హైన్రిక్ బాండ్ అనే వ్యాపారి పేరు మీదుగా వచ్చింది. పెరిగింది అర్జెంటీనా రాజధాని బ్వేనోస్ అయిరెస్ నాట్యసంగీతం టాంగోలో. టాంగోవాళ్లు ముద్దుగా దాన్ని ఫ్వేషే అంటారు, అంటే తిత్తి. మన కమ్మరి కొలిమి పక్కన ఉండే తిత్తే.

కంపానా గొడవ తర్వాత వారం పెట్టె తీసుకెళ్లి మాయెస్త్రో ముందు పెట్టాను. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, పేకముక్కలు పంచినట్టు ఒక్కొక్కటీ బల్ల మీద వేస్తూ చూశారు. కొంగా కార్డు దగ్గర ఆగారు. "కొంగా అంటే కార్నివాల్లో వీధి వెంట పోయేది. ఇది తుంబాదోరా" అన్నారు. క్యూబా బయట ఆ డప్పుకు కొంగా అన్న పేరే స్థిరపడింది కాబట్టి కార్డు తప్పని అనలేను, ఆయన తప్పనీ అనలేను. మూడు డప్పులుంటే ఒక్కోదానికీ సొంత పేరుందట: చిన్నది కింతో, నడిమిది త్రెస్-దోస్, పెద్దది సాలిదోర్. అవేవీ పెట్టెలో లేవు. బొంగోలోనూ రెంటికి వేర్వేరు పేర్లే. చిన్నగా, పై శ్రుతిలో పలికేది మాచో, పెద్దది ఎంబ్రా. ఇక్కడ కీచుగొంతు మగవాడిదే!

తర్వాత క్లావే కార్డు తీసి చూసి గట్టిగా నవ్వారు. కార్డు మీద "ఎల్ క్లావే" అని ఉంది. నాకు అర్థం కాలేదు. ఆయన బల్ల మీద పది వేళ్లూ ఆడిస్తూ పియానో వాయిస్తున్నట్టు నటించి చూపించారు. స్పానిష్‌లో ఈ మాటకు లింగం మారితే వస్తువే మారిపోతుంది. ఎల్ క్లావే, పుంలింగం: పాత కాలపు యూరప్ వాద్యం హార్ప్సికార్డ్. లా క్లావే, స్త్రీలింగం: ఇది, రెండు గట్టి కర్రముక్కలు. హవానాలో ఓడలు కట్టేవాళ్లు వాడిన చెక్క మేకుల నుంచి వచ్చాయని చెబుతారు. మేకును క్లావీహా అంటారు మరి. ఆయన నా ఎడమచెయ్యి పట్టుకుని అరచేతిని దొప్పలా వంచి, అందులో ఒక కర్రను ఊరికే ఆనించారు. "పట్టుకోకు, పడుకోనివ్వు" అన్నారు. రెండో కర్రతో కొడితే టక్కుమని గదంతా వినిపించింది. నేను అంతకుముందు గట్టిగా బిగించి పట్టుకునేదాన్ని, చప్పుడు చచ్చిపోయేది. అరచేతి గుంటే దానికి బుర్ర. రెండు బార్లలో అయిదు దెబ్బలు, ముందు మూడు, తర్వాత రెండు. పాటంతా వాటికి కట్టుబడి నడుస్తుంది. ఇందులో ఒక్క ముక్కైనా కార్డు వెనక రాసి ఉంటే నేను 40 డాలర్లకు ఏడ్చేదాన్ని కాదు.

సెన్సెఱ్ఱో కార్డు వచ్చినప్పుడు నేనే ముందుగా అడిగేశాను. "అదీ సరైన పేరే. పశువు మెడలో ఉన్నప్పుడు సెన్సెఱ్ఱో, నా చేతిలో ఉన్నప్పుడు కంపానా" అన్నారు. మరి తింబాలెస్ అనే జంట డప్పుల మీద బిగించి ఉండే గంటో? "అదీ కంపానాయే." రెండూ ఉన్నప్పుడు ఏది అడుగుతున్నారో ఎలా తెలుస్తుంది? "నేను అడిగితే నాది" అన్నారు, అంతకన్నా ఏం చెప్పాలి అన్నట్టు.

కొనాలా అంటే, స్పానిష్ పలుకుబడి చెవికి పట్టాలనుకునేవాళ్లు కొనండి, ఆడియో కోసం. తెలుగు చదవగలిగినవాళ్లకు పక్కనే పెన్ను ఉంటే ఇంకా మేలు. ఒక దేశపు సంగీతం మీదే పని చేసేవాళ్లకు, వయెనాతో అనుకోండి, వెనెజువేలా హోరోపో అనుకోండి, ఈ పెట్టె ఆనదు. వెనక రాసిన వివరాలు నమ్మి ఎవరితోనూ వాదనకు దిగకండి. కోడ్‌కు నెట్ కావాలి. మా రిహార్సల్ నేలమాళిగలో జరుగుతుంది కాబట్టి అవసరమైన చోటే అది పలకదు. 5కి 3 ఇస్తున్నాను, అందులో 2 ఆ గొంతుకే.

చివర్లో బొంబో లెగ్వేరో కార్డు వచ్చింది. అర్జెంటీనా డప్పు, చెట్టు మొద్దును తొలిచి, బొచ్చు తీయని తోలు బిగించి చేస్తారు. ఒక లెగ్వా దూరం, అంటే సుమారు 5 కిలోమీటర్ల అవతలికి వినిపిస్తుందని ఆ పేరు. మాయెస్త్రో దాన్ని ఎప్పుడూ వాయించలేదట. కార్డును రెండువైపులా తిప్పి చూసి, లెగ్వేరో, లెగ్వేరో అని రెండుసార్లు అనుకుని చొక్కా జేబులో పెట్టేసుకున్నారు. అడగడానికి నాకు నోరు రాలేదు. నా పెట్టెలో ఇప్పుడు 51.