జాగ్రత్త: "చక్కెర వేయని" బత్తాయి రసం నెల ప్యాక్

నెల్లూరులో పొద్దున నడకకు వెళ్లేవాళ్లకు ఆ జ్యూస్ షాపు ఏదో చెప్పనక్కరలేదు. "చక్కెర వేయం, నీళ్లు కలపం" అని పచ్చ అక్షరాలతో రాసిన సీసాలు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటాయి. 30 రోజుల ప్యాక్, 3,600 రూపాయలు, ముందే కట్టాలి. కట్టాను. ఈ రోజు ఇరవై రెండో సీసాను సింకులో పారబోశాను.

షుగరు అంచుల్లో ఉందని డాక్టరు చెప్పాక టీలో చక్కెర మానేశాను. మొన్న పెళ్లిలో మలై కాజా విస్తట్లో పడినా ముట్టుకోలేదు. అది ఎంత తపస్సో మన ఊరివాళ్లకే తెలుసు. ప్యాక్ తీసుకునేటప్పుడు ఓనరును ఒకటికి రెండుసార్లు అడిగాను. "పండులోది సహజమైన తీపి సార్, అది లెక్కలోకి రాదు" అన్నాడు. ఆ ముక్క నమ్మాను. పరగడుపున 112 చూపించే మీటరు నిన్న 138 చూపిస్తే, మీటరే పాడైందనుకున్నాను!

ఈ రోజు సీసా తెచ్చే కుర్రాడు ఎంతకీ రాకపోతే నేనే వెళ్లాను. షట్టరు సగమే ఎత్తి ఉంది. వంగి చూశాను. లోపల వరుసగా సీసాలు, పక్కన అయిదు లీటర్ల నూనె డబ్బా. అందులో నూనె లేదు, పాకం ఉంది. పనివాడు ఒక్కో సీసాలో ఒక్కో గరిటె పోస్తున్నాడు, గరిటె అంచున సాగుతున్న తీగను చూపుడు వేలితో తెంపి తర్వాతి సీసాకు వెళుతున్నాడు. ఎంత శ్రద్ధ! ఏ సీసాకూ అన్యాయం జరగకూడదు మరి.

అడిగితే ఓనరు ముందు "నిలవ ఉండటానికి సార్" అన్నాడు. పొద్దున పిండి పొద్దున్నే ఇచ్చే రసానికి నిలవ ఎందుకన్నాను. అప్పటికి నలుగురు పోగయ్యారు. వాళ్ల ముందు గొంతు పెంచాడు: "పండులో ఉన్నదీ చక్కెరే కదా సార్! షుగరున్నవాళ్లు జ్యూసులు తాగకూడదని కూడా తెలియదా? చదువుకున్నవాళ్లలా ఉన్నారు!"

లెక్కలోకి రాదన్న నోరే ఇది. అంతకంటే మంట ఏమిటంటే, రెండోసారి అతను చెప్పింది నిజం. ఇంటికొచ్చి మా కోడలిని అడిగితే చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే తేల్చేసిందట: తగ్గించుకోవాల్సిన చక్కెరలో తేనె, పండ్ల రసం కూడా చేరతాయి. ముక్కలు కోసుకుని తినే పండు చేరదు. పండులో పీచు ఉంటుంది, నమలాలి, ఒకటి తినేసరికి కడుపు నిండినట్టుంటుంది. రసం తీస్తే నాలుగు బత్తాయిల తీపి రెండు నిమిషాల్లో గొంతు దిగుతుంది, పీచేమో చెత్తబుట్టలోకి పోతుంది. తగ్గించుకోవాల్సిన ఆ చక్కెర రోజుకు 25 గ్రాములలోపు ఉంటే మేలట. పాకం కలపని గ్లాసుడు రసంలోనే సుమారు 20 ఉంటాయట. టీలో రెండు చెంచాలు మానేసి, అయిదు చెంచాలు డబ్బిచ్చి కొనుక్కున్నానన్నమాట. పొదలకూరు నిమ్మకాయలు దొరికే ఊళ్లో ఉండి, ఉప్పు వేసుకుని నిమ్మనీళ్లు తాగితే పోయేదానికి! బుద్ధి ఉన్నవాడెవడైనా నాలుగు బత్తాయిలు ఒక్కసారి కూర్చుని తింటాడా?

మిగిలిన ఎనిమిది రోజుల డబ్బు తిరిగివ్వమంటే "ప్యాక్ మధ్యలో ఆపితే వాపసు లేదు, బోర్డు మీద ఉంది" అన్నాడు. ఉంది, నిజమే. "చక్కెర వేయం" అని కూడా ఉంది.

ముందే డబ్బు కట్టకండి. తాగాలనిపిస్తే కళ్లముందు పిండించుకోండి, లేదా పండే కొనుక్కోండి, అదీ ఒక్కటే. షుగరుకు మందులు వాడేవాళ్లు ఎంత తినాలో డాక్టరును అడగండి, షాపువాణ్ణి కాదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. నేను రేపు చేస్తున్నాను. ఇలాగే మోసపోయినవాళ్లు మీరూ చేయండి.

ఇది రాస్తుండగానే ఆ కుర్రాడు గేటు దగ్గర బెల్లు కొట్టాడు. ఖాళీ సీసాలు కావాలట, లేకపోతే సీసాకు 20 రూపాయలు కట్టాలట.